కథ, మాటలు: ఒక మిత్రుడు

మచిలీపట్నం
12-1-1964

ఆనందరావు గారికి,

దైవాధీనం రాయునది.

పదకొండేళ్ల కిందట, అవనిగడ్డ వైపు ఏరు దాటే పడవలో, బియ్యం బస్తాల మీద కూర్చుని మీరు నాకొక మాట ఇచ్చారు. మీకు గుర్తుండకపోవచ్చు. మీరు కూర్చున్న బస్తా మీద ఏ మిల్లు ముద్ర ఉందో కూడా నాకు గుర్తుంది. "సినిమాలో మొదటి టైటిల్ కార్డు మీద పైన నా పేరు, కింద నీ పేరు. మూడో మనిషి ఆ కార్డు మీదికి రాడు" అన్నారు.

పోయిన శనివారం మా ఊళ్లో డేరా సినిమాలో మీ 'రేవు దీపం' వేశారు. నేను వెళ్లాను. నేను సినిమా చూడటం అదే మొదటిసారి. ముప్ఫై రెండేళ్లు మిషన్ హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. సినిమాకి వెళ్లినవాణ్ణి, రొట్టె ద్రాక్షరసం ఇవ్వకుండా, ప్రభువు బల్లకి దూరంగా పెట్టే సంఘంలో పుట్టినవాణ్ణి. జూన్‌లో రిటైరయ్యాను. ఇక నన్నెవరూ ఏమీ చెయ్యలేరు కనక బెంచీ టిక్కెట్టు కొని కూర్చున్నాను.

పడవలు సప్లై చేసినవాడి పేరుంది. కథానాయిక జడలు వేసినావిడ పేరుంది. నా చోట ఇలా ఉంది: "కథ, మాటలు: ఒక మిత్రుడు."

నా పేరు లేదని పదేళ్ల కిందటే విన్నాను. లేదంటే ఆ చోటు ఖాళీగా ఉంటుందనుకున్నాను. అక్కడ ఇంకేదో రాసి ఉంటుందని అనుకోలేదు. నాకు బాప్తిస్మంలో మా నాన్న పెట్టిన పేరొకటి ఉంది. అది 'మిత్రుడు' కాదు.

సినిమా సంగతి. నా కథలో పడవ తిరిగి రాదు. పోలమ్మ రేవులో దీపం ఆర్పేసి ఇంటికి వెళ్తుంది, అంతే. మీ సినిమాలో పడవ తిరిగి వచ్చింది, పాట పాడుకుంటూ. కథానాయిక ఏడ్చినప్పుడు కాటుక చెదరలేదు. అది మీ దర్శకుడు సుందరరాజు గొప్పతనం అయి ఉంటుంది.

నేను అడిగేది ఒక్కటే. నా పేరు ఎవరు తీయించారు? సుందరరాజు అని నా అనుమానం. అవునో కాదో రాయండి.

మీ చెల్లెలు సువార్తమ్మను మట్టి చేసిన రోజున మీరు సమాధుల తోట గేటు దగ్గర నిలబడటం చూశాను. నా భార్య శవం దగ్గర మిమ్మల్ని పలకరించాలని అనిపించలేదు. అందుకు చింతా లేదు.

దైవాధీనం


గుడివాడ
20-1-1964

బావా,

పైన "గారు", లోపల "మీరు" చూసి, ఉత్తరం ఈ వీధిలోనే ఉన్న తాలూకా ఆఫీసు గుమాస్తా ఆనందరావుకి రావలసిందేమో అనుకున్నాను. కాటుక దగ్గరికి వచ్చేసరికి నువ్వేనని నమ్మకం కుదిరింది. మా ఆవిడ అన్నమ్మ చదివి, "అన్నయ్యగారు ఇంకా బడి చెప్తూనే ఉన్నారన్నమాట" అంది.

నేను మద్రాసు వదిలేసి వచ్చిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. రెండు ట్రంకు పెట్టెలు, 'రేవు దీపం' ప్రింటు ఒకటి తెచ్చుకున్నాను. స్టార్లు లేకుండా, స్టూడియో లేకుండా, చేపలు పట్టే పల్లెవాళ్లతో తీసిన మొదటి సినిమా చూసి మద్రాసులో నాకు "చేపల ప్రొడ్యూసరు" అని పేరు పెట్టారు. రెండోది బెజవాడ డిస్ట్రిబ్యూటర్లు చెప్పినట్టు తీశాను. అందులో కవలలుంటారు. ఆడింది. మూడోది నాకు నచ్చినట్టు తీశాను. ఆడలేదు. నాలుగోది ఎవరికి నచ్చినట్టు తీశానో ఇప్పటికీ తెలియదు. అయిదోది సగంలో హీరో లావెక్కాడు, ముందు సీన్లకీ వెనక సీన్లకీ మనిషి కలవలేదు. అది డబ్బాల్లో ఉండిపోయింది. సొంత కంపెనీ అంటే ఇంతే. కెమెరా పాడైతే నేనే, వాన పడితే నేనే, వంటవాడు పారిపోతే గరిటె పట్టుకున్నదీ నేనే.

నాకొక అలవాటుంది. మొదటి ఆటకి హాల్లోకి వెళ్లి, తెరకి వీపు పెట్టి నిలబడతాను. జనం మొహాలు చూస్తాను. తెనాలిలో 'రేవు దీపం' వేసిన రోజు, కథ మొదట్లో ఒకసారి మూడు రోజులు ఆలస్యంగా సముద్రం నుంచి వచ్చిన మొగుడితో పోలమ్మ "రావడమే వచ్చావు, ఎందుకొచ్చావో కూడా చెప్పు" అంటుంది చూడు, అక్కడ హాలంతా వేరుశనక్కాయలు నమలడం ఆపేసింది. అయిదు సినిమాల్లో నాకు అలా జరిగింది ఆ ఒక్కసారే. ఆ మాట నీది.

పడవని వెనక్కి తెప్పించింది నేనే. నాకు రావాలనిపించింది. పాట మాత్రం బెజవాడ వాళ్లది.

సుందరరాజుని అనకు. పేరు తీసెయ్యమన్నది సినిమా మనిషి కాదు. అంతకు మించి చెప్పలేను. అక్కడ కూడా ఒక మాటిచ్చాను.

ఇప్పుడొక అవకాశం వచ్చింది. మద్రాసులో ఒక ఫిల్ము సొసైటీ వాళ్లు ఏప్రిల్లో ఈ సినిమా వేస్తారట. ప్రింటు అడిగారు. కొత్త టైటిల్ కార్డు తీయించి అతికించడం పెద్ద పని కాదు. పైన నీ పేరే వేయిస్తాను, నాది కిందికి దించుతాను. మార్చి నెలాఖరులోగా ఊ అను.

ఆనందరావు


మచిలీపట్నం
2-2-1964

ఆనందరావుకి,

పెళ్లికి అద్దెకు తెచ్చిన కుర్చీ పెళ్లయ్యాక తిరిగి పంపినట్టు, నా పేరు నాకు తిరిగి పంపుతానంటున్నావు. ఈ పదేళ్లూ దాని మీద ఎవరు కూర్చున్నారో మాత్రం చెప్పవు.

సినిమా మనిషి కాదన్నావు గనక సుందరరాజుని వదిలేస్తున్నాను. అతన్ని తిట్టుకుంటూ గడిపిన పదేళ్లు వృథా అయ్యాయి. అయితే ఏసుపాదం. మా సంఘ పెద్ద, అప్పట్లో మిషన్ బడి కమిటీ కార్యదర్శి. గుడివాడలో డేరా సినిమా నడుపుతున్నావని నలభై ఆరులో నిన్ను బల్లకి దూరం పెట్టించింది ఆయనే కదా. నువ్వు నవ్వుకుంటూ బయటికి నడిచావు. నేను లోపలే కూర్చున్నాను. ఆయన నీ దగ్గరికి వచ్చి బెదిరించాడా? రాయి.

అదే ఏసుపాదం పెద్దకొడుకు కిందటేడు మా ఊళ్లో సినిమా హాలులో భాగస్థుడయ్యాడు. రిబ్బను కత్తిరించే ముందు ప్రార్థన చేసింది తండ్రే.

నా సంగతి ఒకటి చెప్తాను విను. ఆ కార్డు మీద నా పేరు ఉండి ఉంటే నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవాళ్లు. తీసేస్తే మద్రాసు వచ్చేవాణ్ణి. ఓ ముప్ఫై సినిమాలు రాసేవాణ్ణి. అందులో ఇరవై తొమ్మిది చెత్తవి అయినా ఒకటి మిగిలేది. దానికి బదులు ముప్ఫై రెండేళ్లు సంధులు విడదీశాను. నేను చదివిన పుస్తకాలు మూడు బీరువాలు నిండాయి. నేను రాసినది ఒక్కటి, దాని మీద నా పేరు లేదు.

కథ కోసం ఆ జాలరుల పాలెంలో రెండు నెలలు ఎలా ఉన్నానో నీకు తెలుసు. వేసవి సెలవుల్లో, పెడనలో మా చిన్నాన్న గారి ఇంటికి వెళ్తున్నానని బడిలో చెప్పి వచ్చాను. పోలమ్మ మొగుడు కోటయ్యతో పడవెక్కి వాంతులు చేసుకున్నాను. నేను కథకి పేరు తీసుకున్న ఆ అసలు పోలమ్మ చేపలు బేరమాడుతుంటే పక్కన కూర్చుని ప్రతి మాటా రాసుకున్నాను. పుస్తకాల తెలుగు కాకుండా ఇంకో తెలుగు ఉందని నలభై ఎనిమిదేళ్ల వయసులో అక్కడ నేర్చుకున్నాను.

ఎవరో చెప్పకపోతే నాకు నీ కార్డు అక్కర్లేదు.

దైవాధీనం


అవనిగడ్డ
24-2-1964

బావా,

ప్రింటు మద్రాసు పంపే ముందు ఒకసారి పాలెంలో వెయ్యాలనిపించింది. ఆ రోజుల్లో వాళ్లకి చూపించనేలేదు. గుడివాడలో పాత ప్రొజెక్టరు, చిన్న జనరేటరు దొరికాయి. లారీ మీద అవనిగడ్డ దాకా, అక్కణ్ణించి పడవ మీద. హంసలదీవి దాటాక ఒక చోట జనరేటరు నీళ్లలో పడబోయింది. నేను దాన్ని కౌగిలించుకుని కూర్చున్నాను. ఇప్పుడు అవనిగడ్డ సత్రంలో కూర్చుని, పట్టేసిన నడుంతో ఇది రాస్తున్నాను.

తెర తీసుకెళ్లడం మర్చిపోయాను. అయిదు సినిమాలు తీసిన మనిషిని. పాలెంలో అప్పయ్య అనే అతను తన పడవ తెరచాప విప్పి రెండు వాసాలకి కట్టాడు. చీకటి పడగానే మొదలుపెట్టాం. గాలి వచ్చినప్పుడల్లా చాప ఉబ్బి కథానాయికకి గర్భం వచ్చినట్టు ఉండేది. ఆడవాళ్లు ఒకటే నవ్వు. సగం మంది చాప వెనక కూర్చుని చూశారు. వాళ్లకి అందరూ ఎడమచేత్తో అన్నం తిన్నారు.

కోటయ్య పోయి నాలుగేళ్లయింది. జ్వరమట, సముద్రం కాదు. సినిమాలో ఒక చోట వల భుజాన వేసుకుని రేవు పొడుగునా నడుస్తాడు, గుర్తుందా. పోలమ్మ లేచి ప్రొజెక్టరు దగ్గరికి వచ్చి, "బాబూ, ఆడు నడిసే ముక్క ఇంకోపాలి ఏయించండి" అంది. మూడుసార్లు వేశాను. మూడోసారి "సాల్లే, అలిసిపోయుంటాడు" అని వెళ్లి కూర్చుంది.

అసలు సంగతి పేర్ల దగ్గర. అప్పయ్యకి రాత్రిబడి చదువుంది. చదువురానివాళ్ల కోసం ప్రతి కార్డూ పైకి చదివాడు. "కథ, మాటలు: ఒక మిత్రుడు" అని చదివేసరికి వెనకనుంచి ఎవరో, "ఎవడ్రా ఆ మిత్రుడు?" అన్నారు. పోలమ్మ, "ఎవడేంట్రా, బందరు మేష్టారు కదంట్రా. వాంతులాయన" అంది. అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు ఊరుకున్నారు.

వస్తూ దారంతా ఆలోచించాను. నేను మాటిచ్చిన ఆ మనిషి పోయి రెండేళ్లయింది. ఇంకా దాచడం ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు. చెప్తున్నాను.

సువార్తమ్మ చెప్పింది. యాభై నాలుగు ఆగస్టులో, పొద్దున బండికి, ఒక్కతే గుడివాడ వచ్చింది. అప్పటికి ఇంకా డేరా నడుపుతున్నాను. ఖాళీ డేరాలో బెంచీ మీద కూర్చుంది. సోడా ఇస్తే తాగలేదు. "ఆయన పేరు వేస్తే ఉద్యోగం పోతుంది అన్నయ్యా. తీసెయ్యి. నేను చెప్పానని ఆయనకి ఎప్పుడూ చెప్పకు" అంది. సరే అన్నాను. ఖాళీగా వదిలేస్తానంటే ఒప్పుకోలేదు. కాసేపు ఆలోచించి, "ఒక మిత్రుడు అని వెయ్యి" అంది. ఆ రెండు మాటలూ తనవి.

నీకిచ్చిన మాట తప్పింది తనకిచ్చిన మాట కోసం. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు. తనని ఏమీ అనకు.

ఆనందరావు


మచిలీపట్నం
15-3-1964

బావకి,

ఇరవై రోజులు జవాబు రాయలేదు. ఒంట్లో బాగానే ఉంది.

నువ్వు రాసింది సగమే. మిగతా సగం నీ దగ్గరే ఉంచుకున్నావు. అది ఎలా తెలిసిందంటే, ఉద్యోగం పోతుందని భయపడే మనిషి కాదు సువార్తమ్మ. నలభై రెండులో స్కూళ్ల ఇన్‌స్పెక్టరుతో నాకు గొడవ వచ్చినప్పుడు, "రాజీనామా కాగితం మొహాన కొట్టి రండి, మిషను కుట్టి నేను పోషిస్తాను" అన్న మనిషి. కాగితం రాశాను. ఇవ్వలేదు. ఆవిడ తర్వాత ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

నీ సగం నువ్వు రాయాలంటే నా సగం ముందు నేను రాయాలి కాబోలు. ఇది ఎవరికీ చెప్పలేదు.

సినిమా వచ్చిన నెలకి కమిటీ నన్ను పిలిచింది. చర్చి పక్క గదిలో అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో ఏసుపాదం, ఆయన చేతిలో సినిమా నోటీసు. "మాస్టారూ, ఈ మిత్రుడు మీరేనా?" అని అడిగాడు. చాలా మర్యాదగా అడిగాడు.

నేను కాదన్నాను.

రెండోసారి అడగలేదు. నేనే మళ్లీ అన్నాను, నాకు సినిమావాళ్లతో సంబంధం లేదని. మా బావమరిది కూడా ఇప్పుడు మా ఇంటికి రావడం లేదని. అది అబద్ధం. అంతకు ముందు వారమే నువ్వు వచ్చి మా ఇంట్లో చేపల పులుసు తిని వెళ్లావు. కాబట్టి అది నిజం చెయ్యడానికి నీతో మాట్లాడటం మానేశాను. పేరు తీసేశావన్న కోపం అందుకు పనికొచ్చింది. తెర మీద చూసేదాకా ఆ 'మిత్రుడు' సంగతి తెలియనట్టు జనవరిలో నీకు రాశాను, అదీ అబద్ధమే.

ఈ విషయంలో బైబిలు వాక్యం ఎత్తి చూపించవద్దు. నాకూ తెలుసు.

ఇప్పుడు చెప్పు. డేరాలో సువార్తమ్మ ఇంకా ఏమంది?

దైవాధీనం


గుడివాడ
20-3-1964

బావా,

ఇది రాయకుండా ఉండాలని మూడు రోజులు చూశాను. అన్నమ్మ, "అడిగాక చెప్పకపోతే అది ఇంకో అబద్ధం" అంది.

ఉద్యోగం మాట తను ముందు చెప్పింది. నేను నమ్మలేదు. "పోతే పోనీ, మద్రాసు తీసుకెళ్తాను, నాకు రాసేవాడు కావాలి" అన్నాను. అప్పుడు చెప్పింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"ఉద్యోగం కాదు అన్నయ్యా. వాళ్లు ఆయన్ని పిలిచి అడుగుతారు. ఆయన కాదంటారు. తెర మీద అంతంత అక్షరాలతో పేరుండగా కాదంటే ఊరంతా నవ్వుతుంది. పేరు లేకపోతే, కాదన్నా ఎవరికీ ఏమీ తెలియదు. నేను ఆయన్ని అలా చూడలేను."

"అవునంటాడేమో. ముందు ఆయన్నే అడిగి చూడరాదా?" అన్నాను.

"ఇరవై రెండేళ్లు కాపురం చేశాను" అంది. గొడుగు తీసుకుని స్టేషనుకి వెళ్లిపోయింది. నేను బండి దాకా వెళ్లాను. దారిలో పిల్లల గురించి, మొవ్వలో మా పొలం పక్క కాలవ గురించి మాట్లాడింది. ఇంక ఈ సంగతి ఎత్తలేదు.

నువ్వు కమిటీలో కాదన్నావని నాకు అప్పుడే తెలుసు. తనే పోస్టుకార్డు ముక్క రాసింది. "అడిగారు. అయిపోయింది" అని రెండు మాటలు. దాని మీద సంతకం కూడా లేదు.

కార్డు సంగతి చెప్పు. ఇక పదిరోజులే ఉంది.

ఆనందరావు


మచిలీపట్నం
30-3-1964

బావకి,

నిన్న ఈస్టరు. గుడికి వెళ్లాను. బల్ల దగ్గరికి వెళ్లలేదు. బల్ల సంస్కారం అయ్యాక ఏసుపాదం ఇంటికి వెళ్లాను. ఆయనకిప్పుడు డెబ్భై ఆరు. కుడి చెవి వినపడదు. ఎడమవైపు కూర్చుని, "యాభై నాలుగులో మీరు అడిగారు. ఆ మిత్రుణ్ణి నేనే" అని చెప్పాను.

ఆయన సినిమా పేరు రెండుసార్లు అడిగాడు. తర్వాత గుర్తొచ్చి నవ్వాడు.

"ఓ, అదా. మాకు తెలుసు మాస్టారూ. నోటీసులోనే వేశారుగా, 'రావడమే వచ్చావు, ఎందుకొచ్చావో కూడా చెప్పు' అని. బడికి ఆలస్యంగా వచ్చిన ప్రతివాడితో మీరనే మాట అదే. మా మూడోవాడు రోజూ ఇంటికొచ్చి మిమ్మల్ని వెక్కిరించేవాడు."

"తెలిసీ ఎందుకు అడిగారు?"

"అడగాలి కదా, రూలు. మీరు అవునంటే ఏం చెయ్యాలో మాకే తెలియలేదు. బళ్లో ఇంకో తెలుగు మాస్టారు లేడు. మీరు కాదన్నారు, అమ్మయ్య అనుకున్నాం." తర్వాత కోడల్ని పిలిచి నాకు కేకు పెట్టమన్నాడు. తిని వచ్చాను.

కాబట్టి ఉద్యోగం పోయేది కాదు. అవునన్నా బందరులోనే ఉండేవాణ్ణి, సంధులే విడదీసేవాణ్ణి. ఆ ముప్ఫై సినిమాలూ నీకు రాసిన ఉత్తరంలో తప్ప ఎక్కడా లేవు.

నీ కొత్త కార్డు వద్దు. పేరు వేసుకోవడానికి ధైర్యం కావలసిన రోజున నా దగ్గర లేదు. ఇప్పుడు ధైర్యం అక్కర్లేదు గనక వేసుకుంటే అది జడలు వేసినావిడ పేరు లాంటిదే అవుతుంది. ఆవిడైనా జడలు వేసింది, ఎవరైనా అడిగితే వేశానని చెప్పింది. ఉన్న కార్డు ఉన్నట్టే మద్రాసు పంపు. పాలెంలో వాళ్లు దాన్ని సరిగ్గానే చదువుకున్నారు. పడవ తిరిగి రావడం మాత్రం తప్పే. ఆ విషయంలో నేను మారను.

అన్నమ్మకి వందనాలు చెప్పు. వేసవిలో వస్తే చేపల పులుసు పెట్టించలేను, వండే మనిషి లేదు. హోటలు ఉంది.

ఇక ఈ తగువు ముగిస్తున్నాను. పదేళ్లు సుందరరాజుని అన్నాను, అతనికి ఏ పాపమూ తెలియదు. ఏసుపాదాన్ని అన్నాను, ఆయన నాకు కేకు పెట్టించాడు. నిన్ను అన్నాను, నువ్వు ఇద్దరికి మాటిచ్చి ఒకటి నిలబెట్టావు. మీ ముగ్గురి మీదా నాకు ఫిర్యాదు లేదు.

కానీ నన్ను ఒక్కమాట అడిగి ఉండవలసింది. బండెక్కి గుడివాడ వెళ్లే ముందు, వంటింట్లోంచి బయటికి వచ్చి, "పేరు ఉంచమందామా, తీయించేద్దామా" అని అడిగితే ఉంచమని ఉండేవాణ్ణేమో. అనేవాణ్ణి కాదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, నీకు తెలుసు, ఇప్పుడు నాకూ తెలుసు. అయినా ఆ "ఏమో" నాది. ఇరవై రెండేళ్లు నాతో కాపురం చేసి, నా జవాబు నాకంటే ముందు తెలుసుకుని, అది అనే పని కూడా నాకు లేకుండా చేసిన మనిషిని నేను క్షమించలేదు. సమాధి మీద పూలు పెడుతున్నాను, ప్రతి ఆదివారం. పెడుతూ కూడా తప్పు పడుతూనే ఉన్నాను సువార్తమ్మని.

దైవాధీనం